పాలపద్దు వెనక పేజీలు

మా ఇంట్లో పాలపద్దు పుస్తకానికి రెండు ముఖాలు. ముందువైపు నుంచి తెరిస్తే పాలు, పెరుగు, చాకలి, పచారీ కొట్టు. తిరగేసి వెనకవైపు నుంచి తెరిస్తే సినిమాలు. రెండూ నడుచుకుంటూ వచ్చి మధ్యలో ఎక్కడో ఒకచోట కలుసుకునేవి. అలా కలుసుకున్న రోజున కొత్త పుస్తకం కొనేవాళ్ళం. “ఈసారి పాలు ముందొచ్చాయా, సినిమాలు ముందొచ్చాయా?” అని మావారు వెక్కిరించేవారు. పాలు తగ్గించైనా సరే సినిమాలు తగ్గించని సంసారం మాది.

1975లో పెళ్ళయి తెనాలి వచ్చిన దగ్గర్నుంచి రాశానవి. ఒక్కో సినిమాకి ఒక్కటే గీత. తేదీ, సినిమా పేరు, వెళదామని ఎవరన్నారు, ఎలా ఉంది. అంతే. అంతకంటే రాయడానికి చోటుండేది కాదు, తీరికా ఉండేది కాదు. మొన్న సంక్రాంతికి అటక మీద సామాను దింపుతుంటే ఆ పుస్తకాలు మా మనవరాలి చేతిలో పడ్డాయి. ఇంజనీరింగు చదివి ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల. మెట్ల మీద చతికిలబడి ఒక్కొక్కటే చదివి పకపకా నవ్వడం మొదలెట్టింది.

“అమ్మమ్మా! స్వాతిముత్యానికి ‘మూడు రుమాళ్ళు తడిశాయి, చాలా గొప్ప సినిమా’ అని రాశావు. ఇప్పుడు చూస్తే మళ్ళీ మూడు తడుస్తాయంటావా?”

తడవక ఏం చేస్తాయే అన్నాను. అయితే పందెం అంది. అదుగో, అక్కడ మొదలైంది చిక్కు. ఇదివరకు పాత సినిమా చూడాలంటే మార్నింగ్ షోలో వేసేదాకా కాచుకుని కూచునేవాళ్ళం. ఇప్పుడు గోడమీది టీవీలో మీట నొక్కితే చాలు. నాలుగు నెలలపాటు రాత్రి భోజనాలయ్యాక, పాతవీ కొత్తవీ కలిపి మేమిద్దరం కూచుని చూశాం. మావారు మాత్రం సగంలో నిద్రపోయేవారు. నా పాత గీతల పక్కన ఎర్రసిరాతో కొత్త గీతలు రాశాను. అవే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను. నేనేం పెద్ద విమర్శకురాలిని కాను. మీలాగే టిక్కెట్టు కొనుక్కుని, జంతికల పొట్లం ఒళ్ళో పెట్టుకుని చూసిన మనిషిని.

ముందు “మిస్సమ్మ”. 1955 నాటి సినిమా. నేను రాసుకున్న గీత: “సావిత్రి కోపం బాగుంది.” ఇప్పుడు చూసినా అదే రాస్తాను. అప్పుల బాధ పడలేక, భార్యాభర్తలమని అబద్ధం చెప్పి, ఎవరో తెలియని మగవాడితో కలిసి అప్పాపురంలో బడిపంతులమ్మ ఉద్యోగానికి వెళుతుంది మేరీ. ఆ పిల్లకి కోపం రాక ఏమొస్తుంది? సగం సినిమా ముఖం ముడుచుకునే ఉంటుంది. మన సినిమాల్లో హీరోయిన్ కోపగించుకుందంటే ఎవరో ఒకరు ఆ కోపం అణచడానికి కంకణం కట్టుకుంటారు కదా! ఎల్.వి. ప్రసాద్‌గారు ఆ పని చెయ్యలేదు. రామారావు ఆమె విసుగునంతా ఓపిగ్గా భరిస్తాడు. అందుకే ఆ నవ్వు వచ్చినప్పుడు మనకి అంత ఇష్టంగా ఉంటుంది.

ఒక్కటే నాకు మింగుడు పడలేదు. చివరికి మేరీ మేరీ కాదు, జమీందారుగారు చిన్నప్పుడు పోగొట్టుకున్న మహాలక్ష్మి అని తేలుతుంది. మతం చిక్కు దానంతటదే విడిపోతుంది. మేరీ మేరీగానే ఉండిపోతే ఎస్.వి. రంగారావుగారు ఏం చేసేవారు? ఆ సినిమా అంత చక్కగా నవ్వించి ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి పక్కదారి తొక్కింది. అయినా క్షమించేశాను. 1955లో ఆ మాత్రం దూరం నడవడమే ఎక్కువ.

“పెళ్ళిపుస్తకం” 1991లో వచ్చింది. మిస్సమ్మని తిరగేసి కుట్టిన రవిక అది. అక్కడ పెళ్ళికాని వాళ్ళు ఉద్యోగం కోసం పెళ్ళయిందంటారు, ఇక్కడ పెళ్ళయినవాళ్ళు కాలేదంటారు. బాపు రమణల చేతి చలవ. నా గీత: “మావారు నా చెయ్యి పట్టుకున్నారు.” సినిమా గురించి రాయకుండా ఇదేమిటే అంది మనవరాలు. అదే సినిమా గురించి రాయడం అన్నాను. భార్యాభర్తలు రోజూ ఎదురెదురుగా ఉండి కూడా పరాయివాళ్ళలా ప్రవర్తించాల్సి రావడం, ఉమ్మడి కుటుంబంలో కాపురం చేసిన ప్రతి ఆడదానికీ తెలిసిన సంగతే. పదిమందిలో మొగుణ్ణి పేరు పెట్టి పిలవలేం, తేరిపార చూడలేం. ఆఫీసు కథ అని పేరేగానీ అది మన వంటింటి కథే.

“మాయాబజార్” గురించి ఎవరూ కొత్తగా చెప్పేదేం లేదంటారు. నేనొకటి చెబుతాను. చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో ఇసకలో కూచుని చూసినప్పుడు లడ్డూలు, గారెలు, మాయలు మాత్రమే కనబడ్డాయి. 1979లో రెండోసారి చూసి రాసిన గీత: “సంబంధం చెడగొట్టింది డబ్బు.” అదీ అసలు కథ. పాండవులకి రాజ్యం ఉన్నన్నాళ్ళూ శశిరేఖ అభిమన్యుడిదే. జూదంలో పోగానే బలరాముడికీ, రేవతమ్మకీ ఆ మాటే గుర్తుండదు. మేనరికం మాట ఇచ్చి, అబ్బాయికి ఉద్యోగం పోగానే మొహం చాటేసిన వాళ్ళని మనం చూడలేదూ? పాండవులు ఒక్కళ్ళు కూడా తెరమీద కనబడకుండా పాండవుల బంధువుల కథ నడిపించారు కె.వి. రెడ్డిగారు. ఇక ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో వచ్చినప్పుడు సావిత్రి నడక చూడండి. పట్టుచీర కట్టుకున్న ఎస్.వి. రంగారావు నడుస్తున్నట్టే ఉంటుంది. 2010లో దీనికి రంగులద్దారు. మావారికి నచ్చింది. నాకు మాత్రం మార్కస్ బార్ట్‌లే తీసిన ఆ నలుపు తెలుపు వెన్నెలే వెన్నెల. అందులో లేని రంగు ఏదో చెప్పండి చూద్దాం!

“గుండమ్మ కథ”, 1962. నా గీత: “సూర్యకాంతం తిట్లకి మా అత్తగారు అందరికంటే ఎక్కువ నవ్వారు.” అవునండీ, ఆవిడే! అదీ సూర్యకాంతంగారి గొప్పతనం. ఏ అత్తగారూ తననే అంటున్నారని అనుకోదు, పక్కింటావిడని అనుకుంటుంది. రామారావు, నాగేశ్వరరావు ఇద్దరూ ఉండగా సినిమాకి గయ్యాళి పేరు పెట్టడానికి ఎంత గుండె కావాలి! కానీ ఇప్పుడు చూస్తే ఒక మాట అనాలనిపించింది. పొద్దస్తమానం పిండి రుబ్బిన లక్ష్మి మంచిది, మంచం దిగని సరోజ చెడ్డది. సరోజకి పని నేర్పడం బాగానే ఉంది. లక్ష్మికి కాస్త విశ్రాంతి నేర్పే హీరో కూడా ఒకడుంటే బాగుండేది కదూ?

ఇక “ముత్యాలముగ్గు”. 1975, మా పెళ్ళయిన ఏడు. నా గీత: “గోదావరి ఒడ్డున ఇల్లు కట్టుకోవాలనిపించింది. రావు గోపాలరావు అమ్మ బాబోయ్!” ఇషాన్ ఆర్య ఛాయాగ్రహణానికి జాతీయ బహుమతి వచ్చింది. తెల్లవారుజాము వెలుతురుని అంత శుభ్రంగా తెరమీద చూడ్డం మాకు అదే మొదలు. సంగీత ముఖం చూస్తే మన ఇంటి పిల్లే అనిపించింది. అంతా బాగుంది. కానీ ఈసారి మనవరాలు పక్కన కూచుని ఒక మాట అంది.

“అమ్మమ్మా, ఆయన ఆ అమ్మాయిని ఒక్క మాట అడగొచ్చు కదా?”

నేను నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. నిజమే. భార్య గదిలో పరాయివాడు ఉన్నట్టు కనిపిస్తే, ఏం జరిగింది అని ఆమెను కూచోబెట్టి అడగాలా వద్దా? అడిగితే కథ ముగిసిపోతుంది. అడగలేదు కాబట్టే సినిమా నడిచింది. ఇది రామాయణం నీడలో చెప్పిన కథ అని తెలుసు. యాభై ఏళ్ళుగా ఆ సినిమా తలుచుకుంటున్నాను, కంట్రాక్టరు మాటలు అప్పచెబుతున్నాను. ఆ అడగని ప్రశ్న మాత్రం నాకెప్పుడూ వినబడలేదు.

ఆ ఒక్క మాటతో మిగతా సినిమాలన్నీ మరో రకంగా కనబడసాగాయి.

“శంకరాభరణం” 1980. నా గీత: “పాటలు! పాటలు! సోమయాజులుగారు డిప్యూటీ కలెక్టరుట!” ఆ పాటలకి ఇప్పటికీ వంక లేదు. మహదేవన్‌గారి బాణీలు, బాలు గొంతు, వాణీ జయరాం గొంతు, ఇవన్నీ మన ఇంటి పూజగదిలో దీపాల్లాంటివి. మంజుభార్గవి తులసి పాత్రలో ఎంత తక్కువ మాట్లాడుతుందో గమనించారా? విశ్వనాథ్‌గారు ఆ మౌనాన్ని గౌరవంగా తీశారు, తక్కువ చెయ్యలేదు. లోకం వెలివేసిన మనిషి, ఆ గురువుగారి విద్య నిలబెట్టడానికి కొడుకునే దారి చేసుకుంటుంది. ఆమె మాట్లాడకపోయినా ఆమె సంకల్పమే కథని నడిపిస్తుంది. శాస్త్రిగారు కోపిష్ఠి. కానీ వంటింటి దాకా తెచ్చి కాపాడతాడు, వద్దన్న ఊరిని లెక్కచెయ్యడు. ఎర్రసిరాతో రాశాను: “ఇది నిలబడింది.”

మరి “స్వాతిముత్యం”? పందెం దాని మీదే కదా. 1986. ఆ ఏడు మన దేశం తరఫున ఆస్కారుకి పంపిన సినిమా. కమల్ హాసన్ నటనకి ఇప్పుడూ ఒక రుమాలు తడిసింది, దాచుకోను. నిర్మలమ్మగారికి ఇంకొకటి. మూడోది మాత్రం పొడిగానే ఉండిపోయింది. శ్రీరామనవమి పందిట్లో శివయ్య మంగళసూత్రం తీసుకుని లలిత మెడలో కట్టేస్తాడు. అప్పట్లో హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. మొగుడు పోయి, అన్నగారింట్లో వదినగారి మాటలు పడుతున్న పిల్లకి ఎవరో ఒకరు దారి చూపించారు కదా అని. ఇప్పుడు రాధిక ముఖం చూశాను. ఆ క్షణంలో ఆ ముఖంలో సంతోషం లేదండీ. దిగ్భ్రమ ఉంది. శివయ్య అమాయకుడు, అతనికి తెలియదు. తెలిసిన మనం, అంతమందిమి, చప్పట్లు కొట్టాం. విశ్వనాథ్‌గారు ఆమె ముఖాన్ని నిజాయితీగానే చూపించారు. మనమే సూత్రం వంక చూసి, ముఖం వంక చూడలేదేమో అనిపించింది.

పందెం ఓడిపోయాను. మనవరాలికి చీర కొనిపెట్టాను.

మరీ బరువెక్కిపోతున్నామా? అయితే “శ్రీవారికి ప్రేమలేఖ” పెట్టుకుందాం. 1984, జంధ్యాలగారు. పొత్తూరి విజయలక్ష్మిగారి నవల ఆధారంగా తీశారు. మన వారపత్రికల ఆడవాళ్ళు రాస్తే ఎంత హాయిగా ఉంటుందో దానికి సాక్ష్యం. అందులో శ్రీలక్ష్మి సినిమా కథ చెప్పడం మొదలెడితే పేర్లు పడే దగ్గర్నుంచి చెబుతుంది. నా గీత: “శ్రీలక్ష్మి అచ్చం నాలాగే ఉందని ఇంటిల్లిపాదీ అన్నారు. నేనలా చెప్పను.” ఎర్రసిరా గీత: “చెబుతాను.” ఇందులో హీరోయిన్ సరదాకి ఉత్తరం రాస్తుంది. మొదటి అడుగు పిల్లది. ఉత్తరం అందుకున్నవాడు ఆమె ఎవరో తెలుసుకోవాలని కాళ్ళరిగేలా తిరుగుతాడు. ఎంత హాయి!

“శుభలగ్నం”, 1994. కోటి రూపాయలకి మొగుణ్ణి అమ్మేసిన ఆమని కథ. దీన్నే హిందీవాళ్ళు 1997లో “జుదాయి” అని తీశారు. నా గీత: “ఇంటికొచ్చి నగల కోరికలు మానేశాను.” అంత భయపెట్టింది నన్ను. ఎస్.వి. కృష్ణారెడ్డిగారు మధ్యతరగతి ఇంటి ఈర్ష్యని బాగా పట్టుకున్నారు. పక్కింట్లో సోఫా వస్తే మనింట్లో కుర్చీ కిర్రుమంటుంది, అది నిజం. కానీ ఇన్నేళ్ళ తరవాత అనిపించింది: ఆశంటే ఆడదానిదేనా? ఆమనికి తన చేతిలో ఒక సంపాదన లేదు. ఏ వస్తువు కావాలన్నా మొగుడి జీతం వంకే చూడాలి. ఆ సంగతి సినిమా తడిమి చూడలేదు. పోతే, ఇక్కడ అమ్ముడుపోయింది మగవాడు. అతన్నీ ఎవరూ మనసు విప్పి అడగలేదు. ఆ బాధ జగపతిబాబు ముఖంలో కనబడగానే హాలంతా అయ్యో అంది. ఆడపిల్లల పెళ్ళిళ్ళలో ఆ అయ్యో ఎందుకు వినబడదో!

కొత్త సినిమాల దగ్గరికి వద్దాం. కొత్తవంటే మా ఇంట్లో లెక్క వేరు. ఇరవై ఏళ్ళ నాటిదైనా కొత్తదే.

“ఆనంద్”, 2004. శేఖర్ కమ్ముల తీశారు. పెళ్ళి వేళకి కాబోయే అత్తగారు చీర దగ్గర పెత్తనం చేస్తే, రూప పెళ్ళే వద్దంటుంది. ‘చీర కోసం పెళ్ళి మానుకుంటారుటే?’ అని అప్పట్లో మా చెల్లెలు. చీర కోసం కాదు. చనిపోయిన తల్లి జ్ఞాపకం కోసం, ఇవాళ చీర అయినది రేపు మరొకటవుతుందన్న తెలివి కోసం. పుట్టింటి చీర పెట్టెలో మడిచి పెట్టి, అత్తింటివారు పెట్టిన చీరలు కట్టి బతికిన వాళ్ళం మనం. ఆ పిల్ల వద్దనడం చూస్తే గుండె ఝల్లుమంది. ఎర్రసిరా: “ఇంకోసారి చూడాలి.”

“అర్జున్ రెడ్డి”, 2017. మనవరాలు వద్దంది, నేనే చూద్దామన్నాను. నిజం చెప్పాలంటే తీసిన తీరు బాగుంది, కుర్రాడు బాగా చేశాడు. ప్రేమలో పడి నాశనమైపోవడం మనకి కొత్తేం కాదు. 1953లో దేవదాసు తాగితే ఊరూరా ఏడ్చాం. కానీ దేవదాసులో పార్వతికి నోరుంది. అర్ధరాత్రి అతని గదికి వెళ్ళి తన మాట తను చెప్పుకుంది. ఈ ప్రీతికి ఆ పాటి మాట కూడా చాలాసేపటి దాకా లేదు. అతగాడు అడక్కుండానే ముద్దు పెట్టేస్తాడు, ఈమె నాది అని కాలేజీకంతా చాటేస్తాడు. అరవై ఏళ్ళు నడిచి ముందుకెళ్ళామా, వెనక్కెళ్ళామా? మీరే చెప్పండి.

ఆ కోపం “కేరాఫ్ కంచరపాలెం” తీర్చింది. 2018. విశాఖపట్నంలో ఆ పేట మనుషుల్నే పెట్టి తీశారు వెంకటేశ్ మహా. నలభై తొమ్మిదేళ్ళొచ్చినా పెళ్ళికాని అటెండరు రాజు, ఆ ఆఫీసుకి అధికారిగా వచ్చిన రాధ. ఆమెకి మొగుడు పోయాడు, ఎదిగిన కూతురుంది. మనసులో మాట బయటపెట్టేది ఆమే. లలితకి 1986లో దొరకని మాట ఈమెకి దొరికింది. ముప్ఫై రెండేళ్ళు పట్టిందన్నమాట! నటీనటుల ముఖాలకి రంగుల్లేవు, పెద్ద పేర్లు లేవు. పక్కవీధిలో ఏదో గొడవైతే గుమ్మంలో నిలబడి చూసినట్టుంటుంది.

“బలగం”, 2023. వేణు తీశాడు. తెలంగాణ పల్లెలో పెద్దాయన పోతే, కాకి పిండం ముట్టదు. ఊళ్ళల్లో తెరలు కట్టి అందరూ కలిసి చూశారు దీన్ని, మా చిన్నప్పటి టూరింగ్ టాకీసుల్లాగా. కొన్ని మాటలు నాకు తెలియలేదు. మనవరాలి స్నేహితురాలు కరీంనగర్ పిల్ల, ఆ అమ్మాయిని ఫోన్లో అడిగి తెలుసుకున్నాను. భోజనాల దగ్గర నల్లిబొక్క మీద బావకీ బావమరిదికీ పట్టింపు. ఆ పట్టింపుకి ఇరవై ఏళ్ళపాటు కూతురు పుట్టింటి గడప తొక్కలేదు. అందరూ చివర్లో బుడగ జంగాల పాటకి ఏడుస్తారు. నేను అంతకుముందే ఏడ్చాను, ఆ కూతురు తండ్రి శవం దగ్గరికి వచ్చినప్పుడు. రోషం ఇద్దరు మగవాళ్ళది, పోయింది ఆమె పుట్టిల్లు. నీకు మీ నాన్నని చూడాలనుందా అని ఆ ఇరవై ఏళ్ళలో ఒక్కరైనా అడిగారా?

ఒక మాట మధ్యలో చెప్పాలి. కెమెరా వెనక ఆడవాళ్ళు ఉంటే అడుగుతారేమోనని అనిపిస్తుంది. మనకి లేకపోలేదు. భానుమతిగారు 1953లోనే “చండీరాణి”ని మూడు భాషల్లో తీశారు. సావిత్రి 1968లో “చిన్నారి పాపలు” తీసింది, అందులో సాంకేతిక శాఖల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే. 2018లో “మహానటి” చూసి అందరూ ఆమె తాగుడు గురించీ, పతనం గురించీ మాట్లాడుకున్నారు. కీర్తి సురేశ్‌కి జాతీయ బహుమతి రావడం న్యాయమే. నాకైతే ఆ మహాతల్లి కెమెరా పక్కన నిలబడ్డ రోజుల గురించి ఇంకో సినిమా తీస్తే బాగుండుననిపించింది. విజయనిర్మల యద్దనపూడి నవలతో “మీనా” తీసింది 1973లో, ఆ తరవాత నలభైకి పైగా సినిమాలు తీసి గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఇప్పుడు నందినీ రెడ్డి ఉంది. ఆమె తీసిన “ఓ బేబీ” 2019లో వచ్చింది. కొరియా కథే కానీ, డెబ్భై ఏళ్ళ లక్ష్మి ఒక్కసారిగా సమంత అయిపోతే ఆ సంబరం మాబోటి వాళ్ళకే తెలుస్తుంది. ముసలిదానికీ తీరని కోరికలుంటాయని అనుకునేవాళ్ళు ఎంతమంది?

ఇంతా చెప్పి ఒక సినిమా దాచాను. మనవరాలు దొరకబుచ్చుకుంది.

“అమ్మమ్మా, ‘వెళదామని ఎవరన్నారు’ అన్న చోట అన్నిటికీ మావారు, అత్తగారు, ఆడపడుచు, మరిది అని ఉంది. నువ్వు ఎక్కడా లేవు. ఇదొక్కదానికే ఏమీ రాయలేదు. సినిమా పేరు, పక్కన ‘రెండోసారి. ఒక్కదాన్నే’ అని ఉంది. ఎలా ఉందో కూడా రాయలేదు.”

అది “అంతులేని కథ”. 1976. బాలచందర్‌గారిది, అంతకుముందు తమిళంలో తీసిందే. జయప్రద ఉద్యోగం చేసి ఇల్లంతా ఈడుస్తుంది. తాగుబోతు అన్న, వాడి పిల్లలు, వితంతువైన చెల్లెలు, అందరి బరువూ ఆ పిల్లదే. తనని ప్రేమించినవాడు చెల్లెలి వైపు తిరిగినా సర్దుకుంటుంది. గడపదాకా వచ్చిన పెళ్ళి కూడా జారిపోతుంది. మళ్ళీ ఆఫీసుకి వెళుతుంది. మొదటిసారి మా ఇంట్లో అందరం కలిసి చూశాం. అందరూ ఏడ్చారు. పాపం, ఆడపిల్లకి ఇంత కష్టమా అని మా అత్తగారు దారి పొడుగునా ముక్కు చీదుతూనే ఉన్నారు.

అప్పటికి వారం రోజుల ముందు నాకు ఊళ్ళో ఒక బళ్ళో టీచరు ఉద్యోగం వచ్చింది. పెళ్ళికి ముందు పెట్టిన దరఖాస్తు అది. కాగితం పుట్టింటికి పోయి, అక్కణ్ణుంచి తిరిగి మా ఇంటికొచ్చింది. మామగారు చదివి, మన ఇళ్ళల్లో ఆ అవసరం లేదులే అని మడిచి బల్లసొరుగులో పెట్టారు. ఎవరూ కోప్పడలేదు. ఎవరూ కసరలేదు. మంచివాళ్ళే అందరూ. నీకు చెయ్యాలనుందా అని మాత్రం ఎవరూ అడగలేదు.

నాలుగు రోజుల తరవాత దర్జీ దగ్గరికని చెప్పి, ఒక్కదాన్నే మ్యాట్నీకి వెళ్ళి ఆ సినిమా మళ్ళీ చూశాను. ఆడవాళ్ళ బెంచీలో అందరూ ఆ పిల్ల మోసే బరువుకి ఏడుస్తున్నారు. నేను ఆ పిల్ల తెచ్చే జీతానికి ఏడ్చాను. ఎంత తప్పుగా చూశానో సినిమాని! బాలచందర్‌గారు చూస్తే నవ్వి ఉండేవారు. అందుకే ఎలా ఉందో ఏమీ రాయలేకపోయాను.

ఇదంతా మనవరాలికి చెబుతున్నప్పుడు మావారు కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నారు. నిద్రపోతున్నారనుకున్నాను.

మర్నాడు రాత్రి ఆయనే టీవీ ముందు కూచుని, “ఇవాళ ఏ సినిమా చూద్దాం? నువ్వు చెప్పు” అన్నారు.

అడగ్గానే నాకు ఏం చెప్పాలో తోచలేదు. అలవాటు లేదుగా! పది నిమిషాలు ఆలోచించి ఆ సినిమా పేరే చెప్పాను. ఆయన ఆసాంతం కదలకుండా చూశారు. ఇన్నేళ్ళలో ఆయన నిద్రపోకుండా చూసిన పాత సినిమా అదొక్కటే. అయిపోయాక కళ్ళజోడు తీసి తుడుచుకుని, “అప్పుడు నిన్నడగాల్సింది” అని, మంచినీళ్ళకని లేచి వెళ్ళారు.

నేను పుస్తకం తీసి ఆ గీత పక్కన ఎర్రసిరాతో తేదీ వేశాను. ‘వెళదామని ఎవరన్నారు’ అన్న చోట ‘నేను’ అని రాశాను. ఎలా ఉంది అన్న చోట ఈసారి కూడా ఖాళీ వదిలేశాను. ఇంకోసారి చూసి రాద్దామని.